పిట్టల మేర: తెలుగు చూరుకు వేలాడిన వరికుచ్చు చరిత్ర

వరి కోతకొచ్చిన రోజుల్లో, గడ్డి పూర్తిగా ఎండి పెళుసుబారకముందే, గింజ నిండిన వెన్నులను ఏరి, వాటి కాడలను జడలా అల్లి, గింజలున్న కొసలు కిందికి వేలాడేట్టు గుత్తిగా బిగించి, ఇంటి చూరుకో, వసారా దూలానికో, గుడి మండపానికో కట్టే ఆచారం తెలుగునాట, ముఖ్యంగా గోదావరి, కృష్ణా డెల్టాల్లో, తరతరాలుగా వస్తున్నది. దీన్ని కొందరు వరికుచ్చు అనీ, కొందరు ధాన్యపు కుచ్చు అనీ అంటారు. వెన్ను అంటే వరి మొక్క కొసన గింజలు పట్టే గుత్తి, జొన్నకూ సజ్జకూ కంకి ఎలాగో వరికి వెన్ను అలాగ. సంక్రాంతి నాటికి రైతుల ఇళ్ల ముంగిళ్లలో కొత్త కుచ్చులు వేలాడేవి, వాటిని పట్టుకుని తలకిందులుగా ఊగుతూ పిచ్చుకలు గింజ ఒలుచుకు తినేవి, కింద అరుగు మీద ఊక రాలేది, ఆ ఊకను పూటపూటా ఊడ్చుకోవలసి వచ్చినా ఇంటివాళ్లు ఆ పిట్టలను కసిరేవారు కారు.

ఈ ఆచారాన్ని ఇప్పుడు ఎక్కువగా భూతదయగానో పండుగ అలంకారంగానో చెప్పుకుంటున్నారు. రెండింటిలోనూ నిజం ఉన్నది గాని, కుచ్చు పుట్టుకను అవి పూర్తిగా వివరించలేవు. దాని అర్థాన్ని చూరు దగ్గర కాక కళ్లంలో వెతకవలసి ఉంటుంది. కళ్లం అంటే కోసిన పైరును కుప్పవేసి, నూర్చి, తూర్పారబట్టి, కొలిచే చదునైన నేల. పేడతో అలికి గట్టిపరచిన ఆ నేల మీదే ఒక ఊరి ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ ఏడాదికొకసారి గింజల రూపంలో తేలేవి. నాగలి చెక్కిన వడ్రంగికి, కర్రు సాగగొట్టిన కమ్మరికి, కుండలిచ్చిన కుమ్మరికి, బట్టలుతికిన చాకలికి, చెరువు తూము చూసిన నీరుకట్టుకు, ఊరి కావలి కాసిన తలారికి రావలసిన ధాన్యం అక్కడే కొలిచి ఇచ్చేవారు. ఆ భాగానికే మేర అని పేరు. మేరలు అందుకునేవారిని ఆయగాండ్రు అన్నారు, లెక్కకు పన్నిద్దరని చెప్పుకున్నా ఎవరెవరన్నది ఊరిని బట్టి మారుతూ ఉండేది. మేర దానం కిందికి రాదు, కూలి కిందికీ రాదు. ఊళ్లో ఉన్నందుకూ ఊరితో సంబంధం ఉన్నందుకూ పంటలో ముందుగానే ఏర్పడి ఉన్న హక్కు అది. కోత తర్వాత చేలో రాలిన వెన్నులను ఏరుకునే పేదల హక్కుకు పరిగె అని మరో పేరు ఉంది. పరిగె ఏరుకునేవాళ్లను చేలోంచి వెళ్లగొట్టిన రైతుకు ఊళ్లో మంచి పేరు ఉండేది కాదు.

వరికుచ్చును ఈ వరసలో పెట్టి చూస్తే దాని స్వభావం బోధపడుతుంది. కుచ్చుకు కావలసిన వెన్నులను నూర్పిడికి ముందే, అంటే గింజ ఎవరి పాలు ఎంతో తేలకముందే, కుప్పలోంచి గాని చేలోంచి గాని వేరు చేస్తారు. ఇంటి గాదెలో పడ్డ ధాన్యంలోంచి పిట్టల కోసం గుప్పెడు తీసి చల్లడం వేరు, గాదెకు చేరకముందే వాటి భాగాన్ని విడదీసి కట్టడం వేరు. మొదటిది ఇంటివాళ్ల దయ మీద ఆధారపడుతుంది, రెండోది పంట పంపకంలోనే ఇమిడి ఉంటుంది. అందుకే కుచ్చును పిట్టల మేర అనడం అతిశయోక్తి కాబోదు.

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. కుచ్చు కట్టిన రైతే పైరు పాలుపోసుకున్నప్పటి నుంచి కోత దాకా పిట్టలతో యుద్ధం చేసేవాడు. జొన్న, సజ్జ చేల నడుమ నాలుగు గుంజలు పాతి, వాటి మీద కర్రలతో తట్టు పరచి మంచె కట్టేవారు. మంచె మీద నిలబడ్డ మనిషి తాళ్లతో అల్లిన వడిసెలలో రాయి పెట్టి గిరగిర తిప్పి విసిరేవాడు, లేదా ఖాళీ డబ్బా మోగిస్తూ కేకలు వేసేవాడు. సజ్జ చేనైతే తెల్లవారకముందే మంచె ఎక్కకపోతే రామచిలుకలు, గిజిగాళ్లు, పిచ్చుకలు కంకిని బోసి చేసి వదిలేవి. హాలుడి పేరుతో ప్రసిద్ధమైన గాథాసప్తశతిలో, అంటే సాతవాహనుల కాలంతో ముడిపడ్డ ఆ ప్రాకృత పద్యాల సంకలనంలోనే, చేల మీదికి చిలకల గుంపులు దిగే దృశ్యాలూ పంట కావలి కాసే పడుచులూ కనిపిస్తారు కనుక దక్కనులో ఈ పోరు చాలా పాతదే. చేలో తరిమిన పిట్టకే చూరు కింద వడ్డించడం పైకి పరస్పర విరుద్ధంగా కనిపించినా మేరల పద్ధతి తెలిసినవారికి అందులో వైరుధ్యం కనబడదు. అడగకుండా చేలో పడితే దొంగతనం, కళ్లంలో తన భాగం అందుకుంటే హక్కు అన్న నియమం ఊళ్లో మనిషికి ఎలా వర్తించిందో పిట్టకూ అలాగే వర్తించింది. కనుమనాడు పొంగలి మెతుకుల్లో పసుపు, కుంకుమ కలిపి పొలం నలువైపులా చల్లే పొలి అనే తంతు కూడా ఈ ఆలోచనకు దగ్గరిదే. ఆ మెతుకులు దేవతల పేర చల్లినా చివరికి వాటిని ఏరుకునేవి కాకులూ గోరింకలూనే.

కళ్లంలో ఇలా రూపుకట్టిన భావనకు శాస్త్రగ్రంథాల్లో మరో రూపం ఉంది. శతపథ బ్రాహ్మణం, తైత్తిరీయ ఆరణ్యకం చెప్పిన పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. గృహస్థుడు తాను తినే ముందు వండిన అన్నంలోంచి కొంత తీసి సకల ప్రాణులకూ బలిగా పెట్టాలన్నది దాని సారం, బలి అంటే ఇక్కడ చంపడం అనే అర్థం లేదు, నివేదించిన ముద్ద అని అర్థం. మనుస్మృతి మూడో అధ్యాయం ఈ ముద్దను నేల మీద మెల్లగా పెట్టవలసిన వారి జాబితాలో కుక్కలను, కాకులను, పురుగులను చేర్చింది. అదే జాబితాలో పతితులని, శ్వపచులని, రోగపీడితులని కొందరు మనుషులనూ పేర్కొన్నది. పక్షికి ముద్ద పెట్టమన్న శ్లోకమే మనిషిని పక్షితో పాటు నేల మీద కూర్చోబెట్టిందన్న సంగతిని ఈ ఆచారం గొప్పదనం చెప్పేవారు దాటవేయకూడదు.

ఇంటి వంటను పక్షికి పెట్టడంలో మొదటి పీట కాకిది. సంస్కృత నిఘంటువైన అమరకోశం కాకికిచ్చిన పేర్లలో బలిపుష్టం, బలిభుక్కు ఉన్నాయి, అంటే మనిషి పెట్టిన ముద్దతో పెరిగేది, ఆ ముద్దను తినేది అని. పెంపుడుది కాని ఒక పక్షి పేరే మనిషి వంటింటిని బట్టి ఏర్పడిందంటే ఆ అలవాటు అప్పటికే ఎంత స్థిరపడిందో ఊహించవచ్చు. పితృకార్యంలో కాకికి పిండం పెట్టడానికి వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో ఒక కథ ఉంది. మరుత్తుడనే రాజు యజ్ఞం చేస్తుండగా రావణుడు వచ్చిపడితే దేవతలు భయపడి ఇంద్రుడు నెమలిలో, వరుణుడు హంసలో, కుబేరుడు తొండలో, యముడు కాకిలో దాక్కుంటారు. ఆపద గడిచాక యముడు కాకికి ఇచ్చిన వరాల్లో, అది తృప్తిగా తిన్నప్పుడు తన లోకంలో ఆకలిగొన్న పితరులకు తృప్తి కలుగుతుందన్నది ఒకటి. రాజమహేంద్రవరం రేవుల్లో నేటికీ పిండం పెట్టిన ఆకు చుట్టూ బంధువులు ఎదురుచూస్తూ నిలబడతారు, కాకి ముట్టకపోతే పోయినవారి మనసులో ఏ కోరిక మిగిలిపోయిందోనని తలచుకుని, పిల్ల పెళ్లి చేస్తామనో బాకీ తీరుస్తామనో పైకి చెప్పి మళ్లీ ఎదురుచూస్తారు. ఒక పక్షి ఆకలి ముందు మనుషులు ఇంత వినయంగా నిలబడే సందర్భం మరొకటి కనబడదు.

రోజువారీ భాషలోనూ కాకి వంటింటి చుట్టమే. పిసినారిని ఎంగిలి చేత్తో కాకిని తోలడని అంటారు, చెయ్యి విదిలిస్తే వేళ్లకంటిన మెతుకు కాకికి దక్కుతుందన్న భయమన్నమాట. పిల్లలు గుడ్డ అడ్డం పెట్టి కొరికి పంచుకున్న మామిడిముక్కకు కాకెంగిలి అని పేరు. పిచ్చుక సంగతి వేరు. దానికి శ్రాద్ధంలో చోటు లేదు, పితరులతో బంధుత్వం లేదు, యముడి వరం లేదు. అయినా ఇంటి పటాల వెనక, వాసాల సందుల్లో గూడు కట్టుకునే చనువు దానికే ఉంది, పిచ్చుక గూడు కట్టిన ఇల్లు కలిసివస్తుందన్న నమ్మకం దానికి రక్షణ. ఊరపిచ్చుక అన్న తెలుగు పేరులోనే దాని చరిత్ర ఉంది. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో దానికి పెట్టిన లాటిన్ పేరులోనూ ఇంటిది అనే అర్థమే ఉండటం రెండు భాషలవారూ ఒకే సంగతిని గమనించారనడానికి గుర్తు.

ఈ ఇంటిపక్షితనం ఎంత పాతదన్న ప్రశ్నకు జన్యుశాస్త్రం కొంత సమాధానం ఇచ్చింది. మధ్య ఆసియాలో మనుషులకు దూరంగా, గడ్డిభూముల్లో బతికే పిచ్చుక ఉపజాతితో ఊరపిచ్చుకను పోల్చి 2018లో ప్రకటించిన ఒక పరిశోధన, రెండింటి దారులు సుమారు 11,000 ఏళ్ల కిందట, అంటే వ్యవసాయం మొదలైన కాలానికి దగ్గరగా, విడిపోయాయని చూపింది. ఊరపిచ్చుకలో ప్రత్యేకంగా మారిన జన్యువుల్లో ఒకటి పుర్రె, ముక్కు నిర్మాణానికి సంబంధించినది, మరొకటి పిండిపదార్థాన్ని జీర్ణం చేసుకునే శక్తికి సంబంధించినది. మనిషి తిండికి అలవాటుపడ్డ కుక్కలోనూ రెండోదాన్ని పోలిన మార్పే కనిపిస్తుంది. మనిషి గింజను మచ్చిక చేసుకున్నప్పుడు ఆ గింజ పిచ్చుకను మనిషికి మచ్చిక చేసిందన్నమాట.

పక్షుల కోసం ఇంటికి గడ్డి వస్తువును వేలాడదీయడానికి లిఖితమైన పాత ఆధారం పాలీ జాతకాల్లో, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథల్లో, ఉంది. కపోత జాతకంలో, పుణ్యం కోరిన కాశీ ప్రజలు పక్షులు వచ్చి ఉండేందుకు అక్కడక్కడా గడ్డి బుట్టలు కట్టేవారని, నగరశ్రేష్ఠి వంటవాడు కూడా వంటింట్లో ఒకటి కట్టాడని, అందులో బోధిసత్త్వుడు పావురంగా పుట్టి నివసించాడని కథ మొదలవుతుంది; వంటింటి చేపలకు ఆశపడి పావురంతో స్నేహం నటించిన కాకి చివరికి వంటవాడి చేతికి చిక్కుతుంది. ఆ బుట్ట తిండి పెట్టేది కాదు, ఆశ్రయం ఇచ్చేది. కాబట్టి వరికుచ్చుకు అది తాతముత్తాత అని చెప్పడానికి వీల్లేదు గాని, పంటలో మిగిలే గడ్డిని మలచి పిట్ట కోసం ఇంటికి కట్టవచ్చునన్న ఊహ ఈ దేశంలో పదిహేను శతాబ్దాలకు తక్కువ కాదని మాత్రం ఆ కథ తేల్చిచెబుతుంది. గుజరాత్ ఊళ్లలో నాలుగు దారుల కూడలిలో స్తంభం మీద మండపంలా కట్టి గింజలు పోసే చబూత్రాలు ఇదే ఊహకు రాతిలోనూ కొయ్యలోనూ వచ్చిన రూపాలు.

కుచ్చు అల్లడం చూడటానికి తేలికే గాని చేతికి రావడం తేలిక కాదు. కాడలో కొంచెం పచ్చిదనం ఉన్నప్పుడే వెన్నులను కోయాలి, బాగా ఎండితే మెలిక దగ్గర పుటుక్కున విరుగుతాయి, మరీ పచ్చిగా కోస్తే గింజలో పాలు గట్టిపడక పొల్లుగా మిగులుతాయి. కోసిన కాడల మీది ఆకుతొడుగులను ఒలిచేసి, వెన్నులన్నీ ఒకే ఎత్తుకు వచ్చేలా నేల మీద తట్టి సరిచేసి, కాడలు బిరుసెక్కితే నీళ్లు చిలకరించి మెత్తబరుస్తారు. ఆ తర్వాత మూడేసి కాడలను పాయలుగా తీసి ఒకదాని మీదుగా ఒకటి వేస్తూ, రెండు వరసలకొకసారి కొత్త వెన్నును లోపలికి చొప్పిస్తూ పోతారు, అందువల్ల అల్లిక సాగినకొద్దీ కింది అంచున వెన్నుల జాలరు పెరుగుతుంది. అల్లిన పట్టీని గుండ్రంగా చుట్టి కొసలను గడ్డిపురితోనే ముడివేస్తే గొడుగులా విచ్చుకుంటుంది, చుట్టకుండా నిలువునా వదిలితే తోరణంగా గడపకు సరిపోతుంది. పనితనం ఉన్న చేతి కుచ్చులో ఎక్కడా నూలు గాని తీగ గాని కనబడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వెన్నులు వదులుగా వేలాడాలి. బిగించి కడితే పిట్ట కాలికి పట్టు దొరకదు, దొరికినా గింజను ముక్కుతో లాగడానికి చాలినంత ఊగులాట ఉండదు. ఈ పని ఎక్కువగా కోతల నుంచి తిరిగివచ్చిన పాలేర్లూ ముసలివాళ్లూ సాయంకాలాలు కూర్చుని చేసేవారు, వారి పేర్లు ఎక్కడా నమోదు కాలేదు.

కుచ్చు పిచ్చుకకు అందే తిండిలో ఒక భాగమే, రోజువారీ తిండి పెరట్లో జరిగే పనుల్లోంచి వచ్చేది. ధాన్యం మర ఆడించడం రాకముందు ఏ ఇంటి బియ్యం ఆ ఇంట్లో దంచుకునేవారు. రోట్లో వడ్లు పోసి ఇద్దరు స్త్రీలు చెరో రోకలితో దంచుతుంటే చెదిరిన గింజ చుట్టూ రాలేది. దంచిన దాన్ని చేటలో పోసి చెరిగితే ఊక ముందుకు ఎగిరిపోయేది, నూకలు ఒక అంచుకు, మట్టిబెడ్డలు మరో అంచుకు చేరేవి. చెరిగే మనిషికి రెండు బారల దూరంలో పిచ్చుకలు కాచుకుని ఉండేవి, చేట ఎగరేసినప్పుడు ఒక్క గెంతు వెనక్కి వేసి, చేట దిగగానే రెండు గెంతులు ముందుకు వేసి, చేట అంచున నూక పడేసరికి అందుకునేవి. పురుగుపట్టిన నిల్వబియ్యాన్ని ఎండలో ఆరబోసి పురుగులను ఏరి పారేస్తే అవీ పిట్టల పాలే అయ్యేవి. వాకిట్లో బియ్యప్పిండితో పెట్టిన ముగ్గు పొద్దెక్కేసరికి చీమలూ పిచ్చుకలూ తినగా అక్కడక్కడా చెరిగిపోయేది. ఎవరూ కావాలని పక్షులకు తిండి పెడుతున్నామని అనుకోని ఆ పనులే పక్షులకు ఎక్కువ తిండి పెట్టాయి.

కనుక ఆ పనులు మారినప్పుడల్లా పిట్టల తిండీ మారింది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది, విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855 నాటికి సిద్ధమైంది. కాలువ నీరు వచ్చిన డెల్టా పొలాల్లో వరి విస్తరించి, కళ్లాలు పెరిగి, కుచ్చు ఆచారం బలంగా నిలదొక్కుకోవడానికి తగిన సమృద్ధి ఏర్పడింది. అదే సమృద్ధి ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో బియ్యం మిల్లులను తెచ్చి, రోకలిని క్రమంగా మూలకు చేర్చింది. గ్రామోద్యోగులకు ధాన్యపు మేరల స్థానంలో నగదు జీతాలు వచ్చాయి. 1960ల చివర ఐఆర్-8 అనే పొట్టి వరి వంగడం వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని తొలుత సాగుచేసి చూపిన వారిలో ప్రముఖుడు. పొట్టి వంగడాల గడ్డి పశువుల మేతకు చాలడం లేదన్న గొణుగుడు అప్పుడు వినిపించినా, కుచ్చుకు మూరెడు కాడ చాలు గనుక ఆచారానికి దెబ్బ తగలలేదు. అసలు దెబ్బ వరికోత యంత్రంతో తగిలింది. యంత్రం చేలోనే కోసి, అక్కడే నూర్చి, గింజను నేరుగా లారీలోకో బస్తాలోకో పోస్తుంది. దాని నోట్లోకి వెళ్లిన వెన్ను వెన్నుగా బయటికి రాదు. పన లేదు, కుప్ప లేదు, కళ్లం లేదు, కాబట్టి నూర్పిడికి ముందు వేరు చేయవలసిన భాగం అన్న మాటకే అర్థం లేకుండా పోయింది. కుచ్చు కావాలనుకున్న రైతు ఇప్పుడు యంత్రం దిగే ముందు రోజు కొడవలి పట్టుకుని గట్టు వెంట ఉన్న నాలుగు దుబ్బులు విడిగా కోసుకోవలసి వస్తున్నది, అలా కోసుకునేవారు నేటికీ ఉన్నారన్నది సంతోషించవలసిన విషయం.

పంటలోంచే పక్షికి భాగం తీసే ఆలోచన తెలుగువారి ఒక్కరిదే కాదు. నార్వేలో క్రిస్మస్‌కు ఓట్స్ గాని బార్లీ గాని పనను నూర్చకుండా దాచి, గడకర్రకు కట్టి పెరట్లో నిలబెట్టే ఆచారం ఉంది, దాన్ని యూలెనేక్ అంటారు; పనమీద ఎన్ని పిట్టలు వాలితే వచ్చే ఏడు అంత మంచి పంట అని అక్కడివారి నమ్మకం. వేల మైళ్ల దూరంలో, ఒకరి ఊసు ఒకరికి తెలియని రైతులు నూర్చని పననే ఎంచుకోవడం గమనించదగ్గది. ఇంగ్లండ్‌లో దారి వేరుగా సాగింది. 1876లో న్యూకాసిల్ వారపత్రిక ఒకటి పిల్లల కోసం డికీ బర్డ్ సొసైటీని స్థాపించి, చలికాలంలో పక్షులకు తిండి పెడతామని వారి చేత మాట తీసుకున్నది; 1890-91 నాటి కఠినమైన చలికాలంలో మెతుకులు బయట వేయమని పత్రికలు జనాన్ని కోరాయి. జర్మనీలో బెర్లెప్ష్ అనే జమీందారు కరిగించిన కొవ్వులో గింజలు, రొట్టెపొడి, ఎండిన పళ్లు, చీమల గుడ్లు కలిపి, వేడివేడిగా దేవదారు జాతి చెట్టు కొమ్మల మీద పోసి గడ్డకట్టనిచ్చే పద్ధతిని ప్రచారం చేశాడు. నేడు పాశ్చాత్య దేశాల్లో ఇళ్లలో చేసే కొవ్వు ఉండలకు మూలం అదే. అక్కడ పక్షులకు తిండి పెట్టడం కరువుకాలపు జాలిలోంచి పుట్టింది, అందువల్లనే మనుషులకు కరువు వచ్చినప్పుడు ఆగింది కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ 1940లో తెచ్చిన ఆహార వృథా నిషేధపు ఉత్తర్వు కింద రొట్టెను పక్షులకు వేయడం శిక్షార్హమైంది. కుచ్చు ఇందుకు భిన్నంగా పంట చేతికొచ్చిన నిండు రోజుల్లో కట్టేది. దాని బలహీనతా అందులోనే ఉంది. డెల్టాలో పిట్టకు కష్టకాలం మండువేసవి, అప్పటికి సంక్రాంతి కుచ్చులో గింజ మిగలదు. ఆ లోటును మట్టి మూకుడులో పోసిన నీళ్లే కొంతవరకు తీర్చేవి.

తిండి పెట్టడం వల్ల జరిగే మేలును కీడునూ లెక్కగట్టిన సమాచారం ఎక్కువగా బ్రిటన్ నుంచే వచ్చింది. అక్కడ తోటల్లో తిండిగూళ్లకు వచ్చే పక్షుల సర్వేలో 1973లో నూటికి 8 తోటల్లో కనబడ్డ గోల్డ్‌ఫించ్ అనే చిన్న పిట్ట, నలభై ఏళ్ల తర్వాత 87 తోటల్లో కనబడింది. మరోవైపు 2005 నుంచి ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు మూసుకుపోయే వ్యాధి గ్రీన్‌ఫించ్ పిట్టల్లో వ్యాపించి వాటి సంఖ్యను బాగా తగ్గించింది, కడగని తిండిపళ్లేల దగ్గర గుమికూడటం ఆ వ్యాప్తికి తోడ్పడింది. ఈ విషయంలో వరికుచ్చు మేలైన సాధనమనే చెప్పాలి. గాలికి ఆరుతుంది, గింజ ఊకలో భద్రంగా ఉంటుంది, ఒక పిట్ట ఎంగిలి మరో పిట్టకు అంటుకునే అవకాశం తక్కువ, గింజ అయిపోగానే వడ్డన దానంతటదే ఆగిపోతుంది. ఉప్పూ నూనే కలిసిన మిగులు కూరలను, చప్పబడ్డ చిరుతిళ్లను పిట్టగోడ మీద గుమ్మరించే నేటి అలవాటుకు ఈ సుగుణాల్లో ఒక్కటీ లేదు.

నగరంలో కథ మరింత జటిలమైంది. 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగా ఉన్నా, హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో తగ్గుతూ వచ్చింది. స్లాబు ఇంట్లో వాసాల సందు లేదు, మట్టి నేల లేని వీధిలో పురుగు లేదు. పెద్ద పిచ్చుక గింజతో బతుకుతుంది గాని పొదిగిన కొత్తలో పిల్లకు కావలసింది పురుగు, కాబట్టి కుచ్చు ఒక్కటే ఆ పిల్లను సాకలేదు. రాళ్లు ఏరి సంచిలో నింపి అమ్మే బియ్యం వచ్చాక చేటకు పని లేకపోయింది, బండి మీద అమ్మే రాతి ముగ్గుపిండి వచ్చాక వాకిలి ముగ్గు తినడానికి పనికిరాకుండా పోయింది. ఖాళీ అయిన చోటును పావురం ఆక్రమించింది. మక్కామసీదు ఆవరణలో జొన్నలు చల్లే పాత అలవాటు నగరమంతా పాకి, పావురాల రెట్టల ధూళి వల్ల ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయని వైద్యులు హెచ్చరించే స్థితికి వచ్చింది. బాల్కనీలకు వలలు బిగించిన ఇంటివాళ్లే సంక్రాంతికి రోడ్డు పక్కన కుచ్చు కొని ఆ వలకు లోపలివైపు కడుతున్నారు. కొన్న కుచ్చును తప్పుపట్టడానికి లేదు, దాన్ని అల్లిన చేతికి నాలుగు రూపాయలు వస్తున్నాయి, చూసిన పిల్లలు వెన్ను అంటే ఏమిటని అడుగుతున్నారు. 2010 నుంచి ఏటా మార్చి 20న జరుగుతున్న పిచ్చుకల దినోత్సవం సందర్భంగా బడుల్లో కుచ్చులు అల్లించడం కూడా మంచి పనే, అయితే మార్చి నాటికి కోతలై మూడు నాలుగు నెలలవుతుంది గనుక దాళ్వా అనే రెండో పంట ఉన్న ఊళ్లలో తప్ప, అల్లదగ్గ పచ్చి కాడ ఆ రోజుకు దొరకడం కష్టం. ఆ పాఠాన్ని సార్వా అనే మొదటి పంట కోతలు జరిగే నవంబరు, డిసెంబరు నెలల్లో చెబితే పిల్లలు చేనికీ కుచ్చుకీ ఉన్న సంబంధాన్ని కళ్లారా చూస్తారు.

డెల్టా ఊళ్లలో కుచ్చు కట్టే ఇళ్లలో గింజలు రాలిపోయిన పాత కుచ్చును వెంటనే తీసేయరు, కొత్తది వచ్చేదాకా చూరుకే ఉంచుతారు. ఎండకు రంగు వెలిసి, ముట్టుకుంటే పొడయ్యేంతగా ఎండిన ఆ కాడల్లోంచి పిచ్చుక ఒక్కో పోచను పీకి, మూతికి అడ్డంగా కరచుకుని, అడుగు దూరంలోనే ఉన్న వాసం సందులోకి దూరుతుంది. కొంతసేపటికి ఖాళీ ముక్కుతో బయటికి వచ్చి మరో పోచ కోసం మళ్లీ కుచ్చు మీద వాలుతుంది.